ఊరిని బట్టి ప్రీమియం

(విలియం విక్రీ స్మృతికి అంకితం చేసిన ఉపన్యాసం, పూర్తి పాఠం)

నోబెల్ బహుమతి ప్రకటించిన మూడో రోజే విలియం విక్రీ చనిపోయారు. 1996 అక్టోబర్ 8న వార్త వెలువడింది. 11న ఒక సదస్సుకు కారు నడుపుకుంటూ బయలుదేరి, దారిలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. బహుమతి తెచ్చిపెట్టింది వేలంపాటల మీద, ఒకరికి తెలిసిన సంగతి ఎదుటివారికి తెలియని బేరసారాల మీద ఆయన చేసిన పరిశోధన. అయితే కెనడాలో పుట్టి, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు అర్థశాస్త్రం బోధించిన ఆ ఆచార్యుడి ధ్యాస జీవితమంతా రోడ్ల మీదా రైళ్ల మీదా ఉండేది. రద్దీ వేళల్లో సబ్‌వే టికెట్టుకు ఎక్కువ, ఖాళీ వేళల్లో తక్కువ తీసుకోవాలని 1950ల మొదట్లోనే ఆయన న్యూయార్క్ నగరానికి సూచించారు. ఎవరూ వినిపించుకోలేదు. ఆ తర్వాత కార్లకూ అదే సూత్రం వర్తింపజేయాలన్నారు. దానికీ చాలాకాలం పాటు దిక్కు లేకపోయింది.

1968లో ఒక న్యాయశాస్త్ర పత్రికలో ఆయన కారు ప్రమాదాల గురించీ, బీమా గురించీ సుదీర్ఘమైన వ్యాసం రాశారు. ఈ ఉపన్యాసానికి ఆధారం ఆ వ్యాసమే.

రెండు కార్లు గుద్దుకుంటే కోర్టు తప్పెవరిదని అడుగుతుంది. విక్రీ అడిగింది వేరు. ఆ రెండింటిలో ఏ ఒక్కటి ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయినా ఆ ప్రమాదం జరిగేది కాదు కదా, మరి రోడ్డెక్కినందుకు ఒక్కొక్కరు మోయాల్సిన ఖర్చెంత? జాగ్రత్తగా, నిబంధనల ప్రకారం నడిపేవాడైనా రోడ్డు మీదికి వచ్చాడంటే ఎదుటివాడు తప్పు చేయడానికి మరో లక్ష్యాన్ని అందించినట్టే. తప్పు ఒకరిదే కావచ్చు గానీ ప్రమాదం జరగడానికి ఇద్దరూ ఉండాలి. నగరాల్లో కారు బీమా ఎందుకు ఖరీదన్న ప్రశ్నకు లోతైన జవాబు ఇక్కడుంది. నగరవాసి పల్లెవాసి కంటే అడ్డదిడ్డంగా నడుపుతాడా లేదా అన్నది ఈ జవాబుకు అవసరమే లేదు.

చిన్న లెక్క చూడండి. ఒక కూడలిలో పది కార్లున్నాయనుకుంటే, ఒకదానికొకటి తగిలే అవకాశమున్న జతలు 45. అదే కూడలిలోకి ఇరవై కార్లు వస్తే జతలు 90 కావు, 190. కార్లు రెట్టింపయితే తగులుకునే అవకాశాలు నాలుగింతలు దాటాయి. అమీర్‌పేట చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి కొత్తగా వచ్చి చేరిన కారు తన ప్రమాదాన్ని తనతో తెచ్చుకోవడమే కాదు, అక్కడ అప్పటికే ఉన్న ప్రతి కారుకూ కొంచెం కొంచెం పంచిపెడుతుంది. ఆ పంచిన దాని ఖరీదును ఆ కారు యజమాని కట్టడు. చుట్టూ ఉన్నవాళ్లందరి ప్రీమియంలోకి అది తలా కొంత చేరుతుంది.

దీన్ని అంకెల్లో తూచి చూసినవారు అర్థశాస్త్రవేత్తలు ఆరన్ ఎడ్లిన్, పినార్ కరాజా-మాండిచ్. 2006లో అచ్చయిన వారి పరిశోధన ప్రకారం, కార్లు కిక్కిరిసిన కాలిఫోర్నియాలో అదనంగా ఒక్క డ్రైవరు రోడ్డెక్కితే, ఆ రాష్ట్రంలోని మిగతా డ్రైవర్లందరి బీమా ఖర్చు కలిపి ఏడాదికి 1,725 నుంచి 3,239 డాలర్ల దాకా పెరుగుతుంది. రోడ్లు ఖాళీగా ఉండే రాష్ట్రాల్లో ఆ పెరుగుదల లెక్కలోకి రానంత చిన్నది. మనిషీ అదే, కారూ అదే. చుట్టూ ఉన్న రద్దీ మారడంతో అతను ఇతరుల మీద మోపే భారం ఇంతగా మారిపోయింది.

ఇక మన దేశానికి వద్దాం. తెలుగు ఇళ్లలో ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అనే పాలసీలో రెండు వేర్వేరు భాగాలున్నాయి. ఈ రెండూ కలిసిపోయి ఒకే అంకెగా కనిపించడం వల్ల నగరంలో ఏది ఎందుకు పెరిగిందో చాలామందికి తెలియదు. మొదటిది థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. దీని ధరను కంపెనీలు నిర్ణయించవు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీకి 3,416 రూపాయలు, అంతకు మించితే 7,897 రూపాయలు. ఆదిలాబాద్‌లోనైనా బంజారాహిల్స్‌లోనైనా, ముంబయిలోనైనా మదనపల్లెలోనైనా ఇదే ధర. ఊరికి ఇందులో చోటు లేదు.

రెండోది ఓన్ డ్యామేజ్, మన బండికి జరిగే నష్టానికి. ఊరు వచ్చి కూర్చునేది ఇక్కడే. 2002లో అమల్లోకి వచ్చిన అఖిల భారత మోటారు టారిఫ్ సొంత కార్ల విషయంలో దేశాన్ని రెండు జోన్లుగా విడగొట్టింది. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ, పుణె ‘ఎ’ జోన్. మిగతా భారతదేశమంతా ‘బి’ జోన్. లారీలకు మరో మూడు జోన్ల లెక్క ఉంది. అందులో హైదరాబాద్ మొదటి వరసలో ఉండదు, ఇతర రాష్ట్ర రాజధానులతో కలిసి రెండో వరసలోకి దిగుతుంది. విశాఖపట్నం, విజయవాడ కార్ల లెక్కలో ఈనాటికీ ‘బి’ జోనే. ఒక మారుమూల మండల కేంద్రాన్నీ, ఉక్కు కర్మాగారమూ రేవూ ఉన్న మహానగరాన్నీ ఆ టారిఫ్ ఒకే గాట కట్టింది.

జోన్ల మధ్య తేడా ఎంత? అయిదేళ్లు దాటని, 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు ‘ఎ’ జోన్‌లో దాని విలువ మీద 3.283 శాతం, ‘బి’ జోన్‌లో 3.191 శాతం. పది లక్షల విలువ కట్టిన కారుకు హైదరాబాద్‌లో 32,830 రూపాయలు, ఒంగోలులో 31,910 రూపాయలు. తేడా 920 రూపాయలు, మూడు శాతం కన్నా తక్కువ. నగరం బాగా ఖరీదన్న భావన ఈ పట్టికలోంచి పుట్టింది కాదు. 2007 జనవరి 1న ఓన్ డ్యామేజ్ ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. అప్పటినుంచి పాత టారిఫ్ ఒక కొలబద్దగా మిగిలింది. దాని మీద ఎంత రాయితీ ఇవ్వాలో ప్రతి కంపెనీ తన క్లెయింల అనుభవాన్ని బట్టి, మోడల్‌ను బట్టి, రిజిస్ట్రేషన్ చేసిన ఆర్టీవో కార్యాలయాన్ని బట్టి నిర్ణయించుకుంటోంది. ఒకే మోడల్‌కు రెండు ఊళ్లలో కనిపించే పెద్ద తేడా ఈ రాయితీల్లోంచి వస్తున్నదే.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. జోన్‌ను తేల్చేది బండి తిరిగే చోటు కాదు, రిజిస్టరైన చోటు. సొంతూరి చిరునామాతో రిజిస్ట్రేషన్ చేయించి ఏడాది పొడవునా కూకట్‌పల్లి, మియాపూర్ రోడ్లలో తిరిగే కార్లు ఎన్నో. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరస మొదలయ్యాక నంబర్ ప్లేటు చూసి జిల్లా చెప్పడం కూడా పోయింది. రద్దీని కొలవడానికి చిరునామా ఎంత మొరటు సాధనమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అయినా క్లెయింల అనుభవం అబద్ధం కాదు. నగరంలో కారుకు జరిగేవి చాలావరకు చిన్న గాయాలు. వెనక నుంచి ఆటో తగలడం, అపార్ట్‌మెంట్ సెల్లారులో పిల్లరుకు డోరు రాసుకోవడం, ట్రాఫిక్‌లో బైకు హ్యాండిల్ పొడవునా గీత గీసుకుపోవడం. ఒక్కొక్కటి చిన్నదే, కానీ ఊపిరి సలపనన్ని. పైగా ఈనాటి బంపరు ఒట్టి ప్లాస్టిక్ తొడుగు కాదు. వెనక్కి తీసేటప్పుడు కూతపెట్టే సెన్సార్లు, కెమెరా, కొన్ని కార్లలో ముందున్న బండి దూరాన్ని కొలిచే రాడార్ కూడా అక్కడే ఉంటాయి. వీధి చివరి షెడ్డులో డెంటింగ్, పెయింటింగ్‌తో ఒకరోజులో అయిపోయే పని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కొత్త విడిభాగం, కొత్త వైరింగ్, వాటి సవరింపు అయి బిల్లు పెరుగుతుంది. నగరంలో స్థలం అద్దె, మెకానిక్ జీతం కూడా ఆ బిల్లులోనే.

మరో మెలిక కూడా ఉంది. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలు మార్చాల్సి వస్తే వాటి ధరలో సగం యజమానే భరించాలి. నగరాల్లో దెబ్బతినేదేమో ఎక్కువగా ప్లాస్టిక్కే. అందుకే నగరవాసి ఆ కోత లేని ‘జీరో డెప్’ తీసుకుంటాడు, దానికి అదనంగా చెల్లిస్తాడు. అతని ప్రీమియం ఎక్కువగా కనిపించడంలో ఊరి వాటా కొంత, అతను ఎంచుకున్న రక్షణ వాటా కొంత. ఈ రెండింటినీ విడదీసి చూపే పాలసీ పత్రం అరుదు.

దొంగతనాల విషయంలో ఢిల్లీకి ఉన్న చెడ్డపేరు దేశమంతటికీ తెలిసిందే. వరదల సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగాయి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఆ మర్నాడు ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. వేలాది కార్లు, ఆటోలు, బైకులు బురదలో కూరుకుపోయాయి. నగరమంటే వాహనాలు ఒకచోట గుట్టపడి ఉండడం. ఒక్క వానకు ఒకే రాత్రి అన్నీ పాడవుతాయి. పాత టారిఫ్ దృష్టిలో విజయవాడ తక్కువ ముప్పున్న ‘బి’ జోన్ ఊరు. బుడమేరుకు ఆ సంగతి తెలియదు. నీళ్లు తగ్గాక ఆత్రంగా తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసినవారికి రెండో దెబ్బ తగులుతుంది. సిలిండర్లలోకి నీరు చేరాక స్టార్ట్ చేస్తే ఇంజిన్ దెబ్బతింటుంది. అది వరద వల్ల నేరుగా వచ్చిన నష్టం కాదని, ఇంజిన్ రక్షణకు విడిగా తీసుకునే యాడ్-ఆన్ లేకపోతే చెల్లించబోమని కంపెనీలు వాదిస్తాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా లాగించుకుని షెడ్డుకు తీసుకుపోవాలన్న ఒక్క మాట పాలసీ అమ్మేటప్పుడు తెలుగులో చెప్పి ఉంటే ఎంతమంది డబ్బు మిగిలేదో.

ఇంతవరకూ చెప్పినవి లోహానికీ ప్లాస్టిక్‌కూ తగిలే దెబ్బలు. ప్రాణాల లెక్క చూస్తే పటం తలకిందులవుతుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో దాదాపు 68 శాతం గ్రామీణ ప్రాంతాల్లో సంభవించినవి. మూడో వంతుకు పైగా జాతీయ రహదారుల మీద జరిగాయి. కారణం భౌతికశాస్త్రంలో మొదటి పాఠమే. వేగం నాలుగింతలైతే తాకిడి శక్తి పదహారింతలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నగరంలో తగిలిన కారు బంపరు పగలగొడుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో పల్లె దగ్గర హైవే దాటుతున్న మనిషిని తాకితే ఆ ఇంటి దీపం ఆరిపోతుంది. అక్కడ ఆస్పత్రీ దూరమే. సంక్రాంతికి పంతంగి టోల్ ప్లాజా దాటి 65వ నంబరు జాతీయ రహదారి మీద బారులు తీరే హైదరాబాద్ కార్లను తలచుకుంటే విషయం ఇంకా స్పష్టమవుతుంది. కారు నగరంలో రిజిస్టరైంది, ప్రమాదం నల్గొండ జిల్లాలో జరుగుతుంది, చనిపోయే మనిషి రోడ్డు పక్క ఊరివాడు.

కాబట్టి నగరంలో ప్రీమియం ఎక్కువంటే నగరపు రోడ్లు ఎక్కువ ప్రాణాంతకం అని అర్థం చేసుకోకూడదు. ఓన్ డ్యామేజ్ కొలిచేది సొట్టల్ని. మరణాల్ని మోసేది దేశమంతటా ఒకే ధర ఉన్న థర్డ్ పార్టీ.

ఆ థర్డ్ పార్టీ లెక్కలో మరో బాధ కలిగించే సంగతి ఉంది. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేథీ కేసు తీర్పులతో సుప్రీంకోర్టు పరిహారానికి ఒక సూత్రం స్థిరపరచింది. పన్ను పోగా ఏడాదికి పన్నెండు లక్షలు తెచ్చుకునే 30 ఏళ్ల పర్మినెంట్ ఉద్యోగి చనిపోతే, భవిష్యత్తు పెరుగుదలకు సగం కలిపి, సొంత ఖర్చులకు మూడో వంతు తీసేసి, 17తో గుణిస్తే 2 కోట్ల 4 లక్షలు. నెలకు పన్నెండు వేలు సంపాదించే, అదే వయసు కూలీ చనిపోతే, పెరుగుదలకు 40 శాతం కలిపి అదే లెక్క వేస్తే సుమారు 22 లక్షల 85 వేలు. ఇతర చిన్న పద్దులు రెండింటికీ ఒకటే. కోర్టుల తప్పు కాదిది. కుటుంబం పోగొట్టుకున్న ఆదాయాన్ని పూడ్చడమే ఆ సూత్రం ఉద్దేశం. కానీ ఫలితం చూడాలి. ఎక్కువమంది చచ్చిపోయేది పల్లె దారుల్లో, తక్కువ పరిహారం లెక్కకొచ్చేదీ అక్కడే. దానికి తోడు మన రోడ్ల మీద తిరిగే వాహనాల్లో దాదాపు సగానికి చెల్లుబాటయ్యే బీమా ఉండదు. 2018లో సుప్రీంకోర్టు ఆదేశంతో కొత్త కార్లకు మూడేళ్ల, కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి అయింది. ఆ గడువు తీరాక పాలసీ కట్టని బండి గుద్దితే, కుటుంబానికి మిగిలేది ఏ ఆస్తీ లేని ఆ బండి యజమాని మీద డిక్రీ కాగితం. నగరవాసి ప్రీమియం గురించి జరిగే చర్చలో పదో వంతు కూడా దీని మీద జరగదు. జరగాలి.

చిరునామాను బట్టి ధర న్యాయమా? ఈ పోట్లాట అమెరికాలో గట్టిగా జరిగింది. 1988 నవంబర్‌లో కాలిఫోర్నియా ఓటర్లు 103వ ప్రతిపాదనను గెలిపించి కారు బీమా ధరకు మూడు ప్రధాన ఆధారాలు నిర్దేశించారు: నడిపే తీరులో రికార్డు, ఏడాదికి తిరిగే మైళ్లు, ఎన్నేళ్ల అనుభవం. చిరునామా వీటి తర్వాతే. అది మాటల్లో ఉన్నంత తొందరగా ఆచరణలోకి రాలేదు. చిరునామా బరువు ఈ మూడింటినీ మించకూడదన్న నిబంధన కోసం 2006 దాకా ఆగాల్సి వచ్చింది. 2017లో వార్తాసంస్థ ప్రోపబ్లికా, వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ కలిసి కాలిఫోర్నియా సహా నాలుగు రాష్ట్రాల ప్రీమియంలనూ, చెల్లించిన పరిహారాలనూ పోల్చి చూశాయి. ప్రమాదాల ఖర్చు ఒకేలా ఉన్నా నల్లజాతి, ఇతర మైనారిటీ వర్గాలు ఎక్కువగా ఉండే పేటల్లో కొన్ని కంపెనీలు 30 శాతం దాకా అదనంగా తీసుకుంటున్నాయని తేలింది. రద్దీ పేరు చెప్పి వసూలు చేసిన దాంట్లో రద్దీకి సంబంధం లేనిదీ కలిసిపోయిందన్నమాట.

డెట్రాయిట్ కథ ఇంకా కటువైనది. ఆ నగరపు ఉత్తర హద్దు ఎయిట్ మైల్ రోడ్డు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ట్రాయ్, నోవై పట్టణాలు ఆ గీతకు ఉత్తరాన ఉన్నాయి. ఆ గీతకు దక్షిణాన, పేదలు ఎక్కువగా ఉండే డెట్రాయిట్ నగరంలో, కారు బీమా దశాబ్దాలపాటు అమెరికాలోనే అత్యంత ఖరీదైనవాటిలో ఒకటిగా ఉండిపోయింది. ప్రమాదంలో గాయపడ్డవారి వైద్యానికి పరిమితి లేకుండా జీవితాంతం చెల్లించాలన్న మిచిగన్ చట్టం 1973 నుంచి అమల్లో ఉండేది. దయతో చేసిన చట్టమే గానీ దాని ఖర్చు ప్రీమియం మీద పడింది. కట్టలేనివారు బీమా మానేశారు. వాళ్ల భారం కట్టేవారి మీదికి చేరింది. 2019లో చట్టం మార్చి వైద్య రక్షణ ఎంతవరకు కావాలో ఎంచుకునే వీలిచ్చారు. పిన్‌కోడ్‌ను ధరకు ఆధారంగా వాడకూడదన్నారు. అయితే ‘ప్రాంతం’ అన్న ఆధారానికి మాత్రం తలుపు తెరిచే ఉంచారు. పిన్‌కోడ్ వెళ్లిన దారినే ప్రాంతం తిరిగి రావచ్చు.

విక్రీ చూపిన దారి దీనికి భిన్నం. మనిషి ఎక్కడ పడుకుంటాడన్నది కాదు, బండి ఎంత తిరుగుతుందన్నది కొలవాలి. ప్రీమియంను టైర్ల ధరలోనో పెట్రోలు ధరలోనో కలిపి వసూలు చేసే పద్ధతులను కూడా ఆయన ఆ రోజుల్లోనే చర్చకు పెట్టారు. రద్దీ వేళ నగరం నడిబొడ్డుకు వచ్చే కారు దానికి తగ్గ రుసుము కట్టాలన్న ఆయన మరో ఆలోచనను లండన్ 2003 ఫిబ్రవరిలో అమలుచేసింది. రుసుము ఉన్న ప్రాంతంలో ప్రమాదాలు, మరణాలు తగ్గాయని, పక్క ప్రాంతాలకు తరలిపోకుండా అక్కడా తగ్గాయని తర్వాతి పరిశోధన చూపింది. ఆయన జీవితం గడిపిన న్యూయార్క్‌లో, మన్‌హాటన్ దక్షిణ భాగానికి ఆ రుసుము 2025 జనవరి 5న మొదలైంది.

మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జులైలో, తిరిగిన దూరాన్ని బట్టీ, నడిపే తీరును బట్టీ ధర మారే యాడ్-ఆన్‌లకు అనుమతి ఇచ్చింది. ఒకే యజమాని బళ్లన్నిటికీ కలిపి ఒకే పాలసీకీ దారి తెరిచింది. సికింద్రాబాద్‌లో ఉంటూ వారానికోసారి గుడికీ, మార్కెట్టుకూ తప్ప కారు తీయని రిటైర్డ్ టీచరమ్మ, అదే వీధి నుంచి రోజూ గచ్చిబౌలి దాకా వెళ్లొచ్చే యువకుడు ఒకే మోడల్‌కు ఒకే ధర కట్టడంలో న్యాయం లేదు. మెట్రోలో వెళ్లి కారును ఇంట్లో ఉంచేవాడు పక్కవాళ్ల ప్రమాదాన్ని కూడా తగ్గిస్తున్నాడు. ఆ తగ్గింపులో అతనికి వాటా రావాలి. ఇప్పటికి ఇది అడిగి కొనుక్కునేవారికి దొరికే వెసులుబాటు మాత్రమే. ఇది అసలు పాలసీకి పునాది కావాలి, చిరునామా దాని పక్కన చిన్న సవరింపుగా మిగలాలి. దూరాన్ని కొలిచే పేరుతో మనిషి ఎక్కడెక్కడికి వెళ్లాడో నమోదు చేయాల్సిన పనీ లేదు. ఏడాదికోసారి మీటర్ రీడింగ్ ఫొటో చాలు.

చిరునామాకు ఎంత బరువు ఉండాలన్నది ఊహతో తేల్చేది కాదు. క్లెయింలు ఏ ఊళ్లో ఎన్ని, ఒక్కొక్కటి సగటున ఎంత, వాటిలో సొట్టలెన్ని, దొంగతనాలెన్ని, వరద నష్టాలెన్ని అన్న వివరాలను కంపెనీలు ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరోకు పంపుతాయి. ఆ బ్యూరో ఉన్నది హైదరాబాద్‌లోనే. ఆ వివరాలను జిల్లాల వారీగా, పేర్లు లేకుండా, ఏటా తెలుగులోనూ అచ్చువేయమని ఐఆర్‌డీఏఐని అడిగే హక్కు ప్రీమియం కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది. అది వచ్చిన రోజున విజయవాడ ‘బి’ జోన్‌లో ఎందుకుందో, హైదరాబాద్ ‘ఎ’ జోన్‌లో ఎందుకుందో కంపెనీలే లెక్కతో చెప్పాల్సి వస్తుంది.